ఋణమా? హక్కా? : బ్రిటన్‌లో గూర్ఖా సైనికుల స్థిరనివాస వాదం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పరదేశపు సైన్యంలో పనిచేసిన సైనికుడికి ఆ దేశంలో స్థిరపడే హక్కు ఏ ప్రాతిపదికపై లభించాలి? ఈ ప్రశ్నకు బ్రిటన్‌లో 2004–2009 మధ్య జరిగిన గూర్ఖా సైనికుల ఉద్యమం ఒక జవాబు ఇచ్చింది. ఆ జవాబు ‘ఋణం’ అనే భావనపై నిలిచింది. ఋణభాష ఉద్యమానికి విజయాన్ని తెచ్చినా, హక్కుకు కావలసిన పునాదిని వేయలేకపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నిబంధనల పాఠాన్ని, న్యాయస్థానాల తీర్పులను, నేపాలీ సాహిత్యంలోని సైనికుడి చిత్రణను, హైదరాబాదు సంస్థానపు ముల్కీ నిబంధనలను తులనాత్మకంగా పరిశీలించి ఈ ప్రతిపాదనను సమర్థిస్తుంది.

కీలకపదాలు: గూర్ఖాలు, స్థిరనివాస హక్కు, సైనికసేవ, పింఛను, లాహురే, ముల్కీ నిబంధనలు, పౌరసత్వం.

1. ఉపోద్ఘాతం

‘ఉప్పు తిన్న విశ్వాసం’ అనే మాట తెలుగువారికి కొత్త కాదు. కొలువు ఇచ్చినవాడి ఉప్పు తిన్నవాడు అతనికి కట్టుబడి ఉండాలి. అలా ఉండనివాడు తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడవుతాడు. ఈ నీతిలో ఋణం ఎప్పుడూ ఒకే దిశలో ప్రవహిస్తుంది. తిన్నవాడు ఋణపడతాడు, పెట్టినవాడు ఋణపడడు. సైనికవృత్తిని, అందులోనూ అన్యదేశపు ప్రభువు కింద చేసే సైనికవృత్తిని, శతాబ్దాలపాటు సమర్థించిన నీతి ఇదే.

2009లో బ్రిటన్‌లో ఈ నీతి తలకిందులైంది. సైనికుడు దేశానికి ఋణపడలేదని, దేశమే సైనికుడికి ఋణపడిందని అక్కడి పత్రికలు, పార్లమెంటు సభ్యులు, సామాన్యప్రజలు ఒక్క గొంతుతో పలికారు. ప్రభుత్వం తలవంచింది. కనీసం నాలుగేళ్లు సేవచేసి 1997కు ముందు విరమించిన గూర్ఖాలందరూ బ్రిటన్‌లో స్థిరపడవచ్చని ప్రకటించింది.

ఈ ఘట్టాన్ని సాధారణంగా న్యాయం గెలిచిన కథగా చెబుతారు. అది అసత్యం కాదు. అయితే ఋణం దిశ మారినంత మాత్రాన ఋణం హక్కుగా మారుతుందా అన్నది విచారించవలసిన విషయం. ఋణం తీర్చడం దాత సుగుణం. హక్కు మాత్రం పొందేవాడి సొత్తు. ఈ భేదాన్ని గమనించకపోతే ఆ విజయం తర్వాత కూడా వృద్ధ గూర్ఖాలు పింఛను కోసం వీధుల్లో ఎందుకు కూర్చోవలసి వచ్చిందో అర్థం కాదు.

2. చారిత్రక నేపథ్యం

ఆంగ్ల–నేపాల్ యుద్ధం 1814–1816 మధ్య జరిగింది. ఆ యుద్ధంలో గూర్ఖాల పోరాటపటిమను చూసిన ఈస్టిండియా కంపెనీ, యుద్ధం ముగియకముందే 1815లో వారిని తన సైన్యంలో చేర్చుకోవడం మొదలుపెట్టింది. సుగౌలీ సంధితో నేపాల్ తన భూభాగంలో గణనీయమైన భాగాన్ని కోల్పోయింది. ఓడిన దేశపు యువకులు గెలిచినవారి సైన్యానికి బలమైన అండగా మారడం ఈ కథలోని తొలి వైచిత్రి.

పందొమ్మిదో శతాబ్దం చివరిభాగంలో బలపడిన ‘వీరజాతుల సిద్ధాంతం’ ఈ నియామకాలకు శాస్త్రీయత అనే ముసుగు తొడిగింది. కొన్ని జాతులు పుట్టుకతోనే యోధులని, కొన్ని కావని ఆ సిద్ధాంతం నమ్మింది. తెలుగువారికి దీనితో ప్రత్యక్ష సంబంధం ఉంది. మద్రాసు సైన్యంలో తెలుగువారి నియామకాలు తగ్గిపోవడానికి ఈ సిద్ధాంతమే ఒక ముఖ్యకారణం. ఒకప్పుడు ఉత్తరభారతంలో కంపెనీ సిపాయిలను ‘తిలంగా’లని పిలిచేవారు. తొలినాటి దళాల్లో తెలుగునేలవారు ఉండటం వల్ల స్థిరపడిన పేరది. సిపాయికి పర్యాయపదమైన జాతిని పక్కకు నెట్టి, గూర్ఖాలను, సిక్కులను, పఠాన్లను ముందుకు తెచ్చిన ఆ సిద్ధాంతంలో ‘వీరత్వం’ అనేది పాలకుడు ఇచ్చే, తీసుకోగలిగే బిరుదు మాత్రమే. ఈ అంశాన్ని మనం మళ్లీ గుర్తుచేసుకోవలసి వస్తుంది.

1947లో భారత, నేపాల్, బ్రిటన్ దేశాల మధ్య త్రైపాక్షిక ఒప్పందం కుదిరింది. అప్పటికున్న పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు భారతసైన్యానికి, నాలుగు బ్రిటిష్ సైన్యానికి దక్కాయి. ఎవరి సేవలో కొనసాగాలో ఎంచుకునే అవకాశాన్ని సైనికులకు ఇచ్చారు. బ్రిటన్‌కు కేటాయించిన రెజిమెంట్లలో చాలామంది భారతదేశాన్నే ఎంచుకున్నారు. వారితో భారతసైన్యం 11వ గూర్ఖా రైఫిల్స్‌ను ఏర్పరచింది. ఒప్పంద సందర్భంలో నేపాల్ ఒక అభ్యర్థన చేసింది. తమ సైనికులను ఇతర సైనికులతో సమానంగా చూడాలని, కిరాయి సైనికులన్న మచ్చ వారిపై పడకుండా చూడాలని కోరింది. మరోవైపు వారి జీతభత్యాలు, పింఛన్లు భారతసైన్యపు కొలమానాలకు ముడిపడ్డాయి. సైనికుడిని నేపాల్‌లో చేర్చుకుంటారు, సేవ ముగిశాక అక్కడికే పంపుతారు అన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఊహ.

తర్వాతి యాభై ఏళ్లలో ఈ దళాలకు మలయా, సింగపూర్, బోర్నియో, హాంకాంగ్ ప్రధాన స్థావరాలు. బ్రిటన్ నేలపై వారి ఉనికి పరిమితం. 1997 జూలై 1న హాంకాంగ్ చైనాకు బదిలీ కావడంతో గూర్ఖా దళాల స్థావరం బ్రిటన్‌కు మారింది. ఈ తేదీయే తర్వాత అర్హతకు, అనర్హతకు మధ్య గీతగా మారింది.

3. నిబంధనల పాఠం: ‘బలమైన సంబంధం’ అనే పదబంధం

3.1. 2004 నాటి మార్పు

కామన్వెల్త్ దేశాల నుంచి వచ్చి బ్రిటిష్ సైన్యంలో నాలుగేళ్లు పనిచేసినవారికి స్థిరనివాసం కోరే వీలు ఉండేది. గూర్ఖాలకు లేదు. 2004లో ప్రభుత్వం వలస నిబంధనలను సవరించి, 1997 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ విరమించిన, నాలుగేళ్ల సేవ ఉన్న గూర్ఖాలకు ఆ అవకాశం కల్పించింది. అంతకుముందు విరమించినవారి దరఖాస్తులను అధికారుల విచక్షణకు వదిలింది. ఆ విచక్షణకు కొలబద్ద బ్రిటన్‌తో దరఖాస్తుదారుడికి ఉన్న ‘బలమైన సంబంధం’.

ఈ పదబంధం ఏం చేసిందో ఒక ఉదాహరణ చాలు. తుల్ బహదూర్ పున్ 1944 జూన్‌లో బర్మాలోని మొగౌంగ్ వద్ద చూపిన సాహసానికి విక్టోరియా క్రాస్ పొందిన యోధుడు. అది బ్రిటన్ ఇచ్చే అత్యున్నత శౌర్యపతకం. ఆయన బ్రిటన్‌లో నివసించేందుకు చేసుకున్న దరఖాస్తును 2006లో తిరస్కరించారు. బ్రిటన్‌తో బలమైన సంబంధాన్ని ఆయన నిరూపించుకోలేకపోయారన్నది కారణం. నిరసన చెలరేగాక 2007లో అనుమతించారు.

ఇక్కడ ‘సంబంధం’ అనే పదానికి ఉన్న అర్థాన్ని గమనించాలి. ఇల్లు, బంధువులు, నివాసకాలం సంబంధానికి రుజువులు. రక్తం చిందించడం రుజువు కాదు. సైనికుడు ఏ దేశం కోసం పోరాడాడో ఆ దేశంలో అతన్ని ఉండనివ్వని ఏర్పాటు చేసినవారే, ఉండలేదు కనుక సంబంధం లేదని తేల్చారు. తానే మూసిన తలుపును చూపి నువ్వు లోపలికి రాలేదు కదా అని నిందించడం వంటిది ఈ తర్కం.

3.2. 2008 తీర్పు

2008 సెప్టెంబరు 30న లండన్ హైకోర్టు ఈ మార్గదర్శకాలను చట్టవిరుద్ధమని ప్రకటించింది. న్యాయమూర్తి బ్లేక్ తీర్పు ప్రధానంగా మార్గదర్శకాల అస్పష్టతపైన, సుదీర్ఘసేవ వంటి అంశాలకు తగిన విలువ ఇవ్వకపోవడంపైన నిలిచింది. దేశానికి, సైనికుడికి మధ్య ఉండవలసిన నైతిక ఒడంబడికను కూడా ఆయన ప్రస్తావించారు. అయితే పూర్వ సైనికులందరికీ నివాసహక్కు ఉన్నదని తీర్పు ప్రకటించలేదు. విధానాన్ని మళ్లీ రాసుకొమ్మని మాత్రమే ఆదేశించింది. హక్కుకు, సక్రమమైన విచక్షణకు మధ్య ఉన్న దూరం ఈ తీర్పులోనే కనిపిస్తుంది.

3.3. 2009 ఏప్రిల్ మార్గదర్శకాలు

2009 ఏప్రిల్ 24న ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలను విడుదల చేసింది. బ్రిటన్‌లో మూడేళ్ల నిరంతర నివాసం, అక్కడ స్థిరపడిన దగ్గరి కుటుంబసభ్యులు, ఉన్నతస్థాయి శౌర్యపతకం, ఇరవై ఏళ్లు లేదా అంతకు మించిన సేవ, సేవవల్ల కలిగిన దీర్ఘకాలిక అనారోగ్యం వంటివి అర్హతకు ప్రమాణాలయ్యాయి. సుమారు 4,300 మందికి మేలు జరుగుతుందని ప్రభుత్వం చెప్పింది. అర్హులు వందమందికి మించరని ఉద్యమకారులు వాదించారు.

ఈ ప్రమాణాలను ఒక పాఠంగా చదివితే వాటి అంతరార్థం బయటపడుతుంది. సామాన్య గూర్ఖా సైనికుడి సేవాకాలం సాధారణంగా పదిహేనేళ్లే. ఆ తర్వాత అతన్ని పింఛనుతో ఇంటికి పంపేవారు. ఇరవై ఏళ్లు దాటేది ఎక్కువగా పైహోదాలకు ఎదిగినవారే. అంటే సేవాకాలపు గీత హోదాను కొలిచిందే తప్ప విధేయతను కాదు. మూడేళ్ల నివాసమన్న నియమం సైన్యం తానే నిర్ణయించిన స్థావరాలను సైనికుడి లోపంగా లెక్కించింది. శౌర్యపతకం, గాయం అనే ప్రమాణాలు మరింత లోతైనవి. అవి సామాన్యసేవను హక్కుకు చాలని వస్తువుగా, అసాధారణ త్యాగాన్ని మాత్రమే చెల్లుబాటయ్యే నాణెంగా నిలబెట్టాయి. పదిహేనేళ్లు కాపలా కాసి, క్షేమంగా తిరిగివచ్చినవాడు ఈ పట్టికలో ఎక్కడా లేడు.

ఐదురోజుల తర్వాత, ఏప్రిల్ 29న, లిబరల్ డెమోక్రాట్లు ప్రతిపాదించిన తీర్మానం పార్లమెంటు దిగువసభలో 267–246 ఓట్లతో నెగ్గింది. అధికార లేబర్ పక్షానికి చెందిన సభ్యులు కొందరు కూడా ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటువేశారు. మే 21న ప్రభుత్వం పట్టువీడింది.

4. ఋణభాష: బలం, పరిమితి

ఈ విజయంలో నటి జొవానా లమ్లీ పాత్ర సుప్రసిద్ధం. ఆమె తండ్రి 6వ గూర్ఖా రైఫిల్స్‌లో అధికారి. పున్ పనిచేసిన రెజిమెంటు కూడా అదే. ఉద్యమ ప్రసంగాల్లో పదేపదే వినిపించిన భావం ఒకటే. వీరు మనకోసం ప్రాణాలకు తెగించారు, మనం వీరికి ఋణపడి ఉన్నాం. ఈ భాష ప్రజల మనసును వెంటనే తాకింది. వలసను వ్యతిరేకించే పత్రికలు సైతం గూర్ఖాల పక్షం వహించాయి.

ఆ బలంలోనే పరిమితి కూడా ఉంది. దానిని మూడు అంశాలుగా గుర్తించవచ్చు.

మొదటిది, ఋణభాష అర్హుడిని, అనర్హుడిని వేరుచేస్తుంది. గూర్ఖాను ఆదర్శవంతుడైన వలసవాసిగా నిలబెట్టడం అంటే, పరోక్షంగా, తక్కినవారిని ఆదర్శవంతులు కానివారిగా నిలబెట్టడమే. వలసను నిరసించే పత్రిక గూర్ఖాను ఆదరించడంలో వైరుధ్యం లేదు. ఒక మినహాయింపును గౌరవించడం ద్వారా అది నియమాన్నే బలపరచింది.

రెండవది, ఋణభాష పాలకుడు ఇచ్చిన బిరుదుపై ఆధారపడుతుంది. గూర్ఖాల విధేయత, నిర్భయత, సరళత్వం అనే చిత్రణ వీరజాతుల సిద్ధాంతం నుంచి వచ్చిందే. ఆ బిరుదును పాలకుడు తీసివేయగలడని తిలంగాల చరిత్ర చెబుతోంది. బిరుదుపై నిలబడిన హక్కు బిరుదు ఉన్నంతకాలమే ఉంటుంది.

మూడవది, ఋణం ఒకసారి తీరితే ముగుస్తుంది. స్థిరనివాసం ఇచ్చాక ఋణం తీరిపోయిందన్న భావన సమాజంలో స్థిరపడింది. ఆ తర్వాత పింఛను అడిగినవాడు ఋణదాతగా కాక, అత్యాశాపరుడిగా కనిపించాడు. వయోజన సంతానం విషయంలోనూ ఇదే జరిగింది. తండ్రికి సకాలంలో హక్కు లభించి ఉంటే అతనితోపాటు చిన్నవయసులోనే వచ్చి ఉండే పిల్లలు, ఆలస్యంవల్ల పెద్దవారై వీసా నిబంధనల బయట మిగిలారు. ఈ చారిత్రక అన్యాయాన్ని కుటుంబజీవన హక్కు పరిశీలనలో లెక్కలోకి తీసుకోవాలని 2013లో అప్పీలు న్యాయస్థానం గుర్తించవలసి వచ్చింది.

ప్రభుత్వం చేసిన వాదనను కూడా న్యాయంగా చూడాలి. లక్షమంది వరకు రావచ్చని, భారీవ్యయమవుతుందని అది హెచ్చరించింది. సేవలో చేరేటప్పుడు బ్రిటన్ నివాసం వాగ్దానంలో భాగం కాదని వాదించింది. ఒప్పందం ప్రకారం రెండో వాదన కాదనలేనిది. ఋణభాష దానికి నేరుగా జవాబివ్వలేదు, దాన్ని పక్కకు నెట్టింది. సమానత్వ భాష మాత్రం జవాబివ్వగలదు. అదే సైన్యంలో, అదే యుద్ధంలో, అదే ఆజ్ఞకు లోబడి పనిచేసిన ఇద్దరు విదేశీయుల్లో కామన్వెల్త్ వాసికి నాలుగేళ్లకే తెరిచిన తలుపు, గూర్ఖాకు ఎందుకు మూసి ఉండాలి? ఈ ప్రశ్నకు పతకాల లెక్క అవసరం లేదు, త్యాగాల వర్ణనా అవసరం లేదు.

ఈ మార్గం ఊహాజనితం కాదు. జపాన్ చెరలో మగ్గిన యుద్ధఖైదీలకు బ్రిటన్ ప్రకటించిన 10,000 పౌండ్ల పరిహారం నుంచి గూర్ఖాలను మినహాయించడం జాతిభేదంపై ఆధారపడినదని 2002లోనే హైకోర్టు తేల్చింది. ఒకే చెర అనుభవించినవారికి రెండు న్యాయాలు ఉండరాదన్న సూత్రం అప్పటికే నిలబడింది. 2009 నాటి ప్రజాప్రసంగంలో ఆ సూత్రం కంటే ఋణభావమే ముందుకు వచ్చింది.

5. నివాసం ఉన్నా జీవనం లేని స్థితి

ఋణభాష పరిమితి పింఛను విషయంలో స్పష్టమైంది. భారతసైన్యపు కొలమానాలతో మొదలైన గూర్ఖా పింఛను పథకం మొత్తం బ్రిటిష్ సైనికుడి పింఛనుతో పోలిస్తే చాలా తక్కువ. 2007లో సమానపథకంలోకి మారే అవకాశాన్ని 1997 జూలై 1 తర్వాత విరమించినవారికి మాత్రమే ఇచ్చారు. అంతకుముందు విరమించినవారి పింఛను పాతపద్ధతిలోనే కొనసాగింది. ఈ భేదంపై వేసిన దావా చివరకు యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానానికి చేరింది. భేదం ఉన్నప్పటికీ దానికి సమంజసమైన కారణం ఉందని, హక్కుల ఉల్లంఘన జరగలేదని 2016 సెప్టెంబరు 15న ఆ న్యాయస్థానం తీర్పునిచ్చింది.

తీర్పు వెనుక ఉన్న తర్కాన్ని తేలికగా కొట్టివేయలేం. గూర్ఖాకు పదిహేనేళ్ల సేవతో, విరమించిన వెంటనే పింఛను మొదలయ్యేది. బ్రిటిష్ సైనికుల్లో అనేకులకు అంత త్వరగా లభించేది కాదు. పైగా అది నేపాల్ జీవనవ్యయానికి తగినట్టు రూపొందిన పింఛను. అయితే ఈ చివరి వాక్యంలోనే సమస్య ఉంది. నేపాల్‌లో నివసిస్తాడన్న ఊహపై పింఛనును లెక్కగట్టి, బ్రిటన్‌లో నివసించవచ్చని అనుమతిచ్చారు. ఒక చేత్తో ఇచ్చిన హక్కును అనుభవించే స్తోమతను మరో చెయ్యి ఇవ్వలేదు.

దీని ఫలితం ఆల్డర్‌షాట్, ఫోక్‌స్టన్ వంటి పట్టణాల్లో కనిపిస్తుంది. భాష తెలియని, చలికి అలవాటుపడని వృద్ధదంపతులు ప్రభుత్వం ఇచ్చే సంక్షేమభత్యంపై ఆధారపడి బతుకుతున్నారు. ఆ భత్యం బ్రిటన్‌లో నివసించేవారికే. దీర్ఘకాలం నేపాల్‌కు వెళితే ఆగిపోతుంది. కన్నబిడ్డలూ, పొలమూ అక్కడ ఉన్నా ఇక్కడే ఉండక తప్పదు. 2021 ఆగస్టులో కొందరు మాజీసైనికులు ప్రధానమంత్రి నివాసానికి ఎదురుగా నిరాహారదీక్ష చేశారు. పన్నెండేళ్ల కిందట అదే రాజధాని వారిని భుజాలపై మోసింది.

ఫ్రాన్స్ అనుభవం ఇక్కడ పోల్చదగినది. పశ్చిమాఫ్రికా నుంచి ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన ‘సెనెగల్ సైనికులు’ వృద్ధాప్య కనీసభత్యం పొందాలంటే ఏడాదిలో ఆరునెలలు ఫ్రాన్స్‌లో ఉండవలసి వచ్చేది. మనవలకు దూరంగా చిన్నగదుల్లో గడిపిన ఆ వృద్ధులకు 2023లో ఆ నియమం నుంచి మినహాయింపు లభించింది. స్వదేశంలో ఉంటూనే భత్యం పొందవచ్చని ప్రభుత్వం అంగీకరించింది. స్థిరపడే హక్కు సంపూర్ణం కావాలంటే స్థిరపడకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉండాలని ఈ ఉదంతం బోధిస్తుంది. బ్రిటన్ చర్చలో లోపించినది ఈ రెండో సగమే.

6. లాహురే: సొంత సాహిత్యంలో సైనికుడు

బ్రిటన్ చర్చలో గూర్ఖా ఎప్పుడూ వీరుడు. నేపాలీ భాషలో అతని పేరు ‘లాహురే’. రంజిత్ సింగ్ సైన్యంలో కొలువుకోసం లాహోరు వెళ్లినవారిని అలా పిలిచేవారు. తర్వాత పరదేశపు సైన్యంలో చేరిన ప్రతివాడికీ ఆ పేరు వ్యాపించింది. తిలంగా అన్న పదంలో సిపాయి వచ్చిన చోటు ఉంది. లాహురే అన్న పదంలో అతను వెళ్లిన చోటు ఉంది. మొదటిది అతన్ని చేర్చుకున్నవారి చూపు, రెండవది అతన్ని సాగనంపినవారి చూపు. లాహురే అన్న పిలుపులో శౌర్యప్రశంస కంటే ఎడబాటు ఎక్కువ.

పారిజాత్ రచించిన ‘శిరీష్ కో ఫూల్’ నవల ఈ సందర్భంలో విలువైన సాక్ష్యం. ఆధునిక నేపాలీ నవలాసాహిత్యంలో ప్రముఖస్థానం పొందిన ఈ రచనలో కథకుడు సుయోగ్ బీర్. రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో పోరాడి తిరిగివచ్చిన మాజీసైనికుడు. మధ్యవయసు దాటుతున్న ఒంటరివాడు, మద్యానికి అలవాటుపడినవాడు. యుద్ధంలో స్త్రీలపట్ల తాను చేసిన ఘాతుకాల స్మృతి అతన్ని వెంటాడుతుంది. శకంబరి అనే స్వతంత్రభావాల యువతిపట్ల కలిగిన ఆకర్షణను సైతం అతను యుద్ధం నేర్పిన భాషలోనే వ్యక్తం చేయగలుగుతాడు. ఆ కథ విషాదంలోనే ముగుస్తుంది.

పున్‌కు విక్టోరియా క్రాస్ తెచ్చిన బర్మాయే సుయోగ్ బీర్‌ను శూన్యుడిని చేసింది. ఈ రెండు చిత్రాల్లో ఏది నిజమైనదని అడగడం సరికాదు. ఋణభాష మొదటివాడిని మాత్రమే చూడగలదన్నదే ఇక్కడ ముఖ్యం. సుయోగ్ బీర్‌కు పతకం లేదు, చెప్పుకోదగిన గాయమూ లేదు. ఉన్న గాయం ఏ వైద్యుడి పత్రంలోనూ నమోదుకాదు. అతను చేసిన పనుల్లో కొన్ని కృతజ్ఞతకు అర్హమైనవి కావు. అయినా అతన్ని అలా తయారుచేసిన సైన్యానికి అతనిపట్ల బాధ్యత లేదా? వీరుడికే హక్కు అన్న వాదం ఈ ప్రశ్న ముందు మౌనం వహిస్తుంది. సేవచేసిన మనిషికి హక్కు అన్న వాదమే జవాబు చెప్పగలదు. సాహిత్యం నివాసనిబంధనలను రాయదు. ఆ నిబంధనలు ఎలాంటి మనిషిని ఊహించుకుని రాసినవో మాత్రం బయటపెడుతుంది.

7. హైదరాబాదు పోలిక: ముల్కీ నిబంధనలు

సైనికసేవకు, స్థానికతకు ఉన్న సంబంధం తెలుగునేలకు కొత్త సమస్య కాదు. హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులు నిజాం క్రమేతర దళాల్లో పనిచేశారు. వారి సైనికనివాసాల పేరుమీదే హైదరాబాదులోని బార్కస్ ఏర్పడింది. ఆఫ్రికా సంతతి ఆశ్వికదళం పేరు ఏ.సీ. గార్డ్స్ ప్రాంతానికి నిలిచింది. సైనికుడు స్థిరపడ్డాడనడానికి ఊరిపేరు కంటే పెద్ద శాసనం అక్కర్లేదు.

సంస్థానపు ముల్కీ నిబంధనలను ఈ కోణంనుంచి చదవడం ఆసక్తికరం. తెలంగాణ ఉద్యమచరిత్రలో వీటిని స్థానికుల ఉద్యోగరక్షణగానే ఎక్కువగా చర్చించాం. జన్మతః సంస్థానప్రజ అయినవాడు ముల్కీ. పదిహేనేళ్లు స్థిరంగా నివసించి, పూర్వస్థలానికి తిరిగివెళ్లే తలంపు విడిచానని ప్రమాణం చేసినవాడు కూడా ముల్కీ కాగలడు. వీటితోపాటు మరో నిబంధన ఉంది. తన జననసమయానికి తండ్రి ప్రభుత్వసేవలో ఉండి, పదిహేనేళ్ల సేవ పూర్తిచేసి ఉంటే ఆ బిడ్డ ముల్కీయే. అంటే సేవ స్థానికతకు ఒక స్వతంత్రమైన మూలం. పతకం అడగలేదు, గాయం అడగలేదు.

పదిహేనేళ్లు అన్న సంఖ్యను గమనించాలి. ఒక రాచరిక సంస్థానం తన కొలువులో పదిహేనేళ్లు పనిచేసినవాడి బిడ్డను తనవాడిగా లెక్కించింది. ఒక ప్రజాస్వామ్య దేశం తన సైన్యంలో పదిహేనేళ్లు పనిచేసినవాడినే చాలదని తిప్పిపంపింది. ఈ పోలికను అతిగా లాగకూడదు. ముల్కీ నిబంధనలు ప్రభుత్వోద్యోగాల అర్హతకు సంబంధించినవి, నివాసానుమతికి కావు. నిజాం పాలనను ఆదర్శంగా నిలపడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. సేవను కొలిచే పద్ధతి వేరుగా ఉండగలదని చూపడమే ఉద్దేశం.

పైగా హైదరాబాదు కథకు రెండో సగం ఉంది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో విలీనమయ్యాక అరబ్బు సైనికుల స్థితి మారిపోయింది. దళాలు రద్దయ్యాయి. అనేకులను నిర్బంధించారు, వారిని విదేశీయులుగా పరిగణించి పంపివేసే ప్రయత్నాలు జరిగాయి. తరాలుగా ఇక్కడే పుట్టిపెరిగినవారు తమ స్థానికతను రుజువు చేసుకోవలసి వచ్చింది. ఒక ప్రభువుకు చేసిన సేవ ద్వారా వచ్చిన స్థానికత, ఆ ప్రభువుతోపాటే కూలిపోయే ప్రమాదంలో పడింది. ఋణంపై, విధేయతపై నిలబడిన హక్కు ఎంత బలహీనమో చెప్పడానికి దీనిని మించిన ఉదాహరణ కనిపించదు.

భారతసైన్యంలోని గూర్ఖాల స్థితి దీనికి భిన్నం. 1950 నాటి భారత–నేపాల్ శాంతి, మైత్రి ఒప్పందం ఒక దేశపు పౌరులకు మరో దేశంలో నివాసం, ఆస్తి, వ్యాపారం విషయాల్లో పరస్పర సమానావకాశాలను కల్పిస్తుంది. కనుక భారతసైన్యంలో పనిచేసిన గూర్ఖా డెహ్రాడూన్‌లోనో డార్జిలింగ్‌లోనో స్థిరపడాలంటే తన శౌర్యాన్ని నిరూపించుకోనక్కర్లేదు. అతని హక్కు సైనికుడిగా కాక నేపాలీ పౌరుడిగా వచ్చినది. అతని పొరుగున ఉన్న కూలీకి కూడా అదే హక్కు ఉంది. కృతజ్ఞతావాదం అవసరంలేని చోటే హక్కు నిశ్చింతగా ఉందన్నమాట.

8. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

గూర్ఖాల స్థిరనివాస ఉద్యమం న్యాయమైనది, దాని విజయం వేలాదిమంది జీవితాలను మార్చింది. అయితే ఆ విజయానికి వాహికైన ఋణభాష హక్కును త్యాగానికి ముడిపెట్టింది, వీరజాతి చిత్రణను పునరుద్ధరించింది, నివాసానుమతితో బాధ్యత ముగిసిందన్న భ్రమను కల్పించింది. పింఛను వివాదం, వయోజనసంతానం సమస్య ఆ భ్రమ ఫలితాలే.

దీనికి ప్రత్యామ్నాయం సమానత్వ ప్రాతిపదిక. ఒకే సైన్యంలో ఒకేవిధమైన సేవకు ఒకేవిధమైన ఫలం అన్న సూత్రం సైనికుడి గుణగణాలను ప్రశ్నించదు. పతకం పొందిన పున్‌కు, పతకంలేని సుయోగ్ బీర్ వంటివారికి అది సమానంగా వర్తిస్తుంది. స్థిరపడాలనుకున్నవాడికి తలుపు తెరుస్తుంది, తిరిగివెళ్లాలనుకున్నవాడి పింఛనును ఆపదు.

ఉప్పు తిన్న విశ్వాసమన్న నీతిని బ్రిటన్ ప్రజలు 2009లో తిరగవేశారు. తిన్నవాడు కాదు, తినిపించుకున్నవాడు ఋణపడ్డాడన్నారు. అది గొప్ప మలుపు. కానీ ఉప్పు లెక్క ఎటు తిప్పినా ఉప్పు లెక్కే. కొలువులో చేరిన మనిషి ఏ లెక్కా చెప్పనక్కర్లేకుండా అడగగలిగిన రోజున మాత్రమే అది హక్కు అవుతుంది. సైనికసేవ, వలస, స్థానికత అన్న అంశాలపై పనిచేసే పరిశోధకులు బార్కస్ వీధుల చరిత్రను, ముల్కీ నిబంధనల పాఠాన్ని ఈ దృష్టితో మళ్లీ చదవవలసిన అవసరం ఉంది.